పెద్దమ్మ నెత్తిన నా తోట

చిత్తూరు బజారులో మా నాయనకు చిల్లర కొట్టు ఉండేది. దానికి మూడు మెట్లు. బేరం కుదరక ఎవరైనా దిగిపోతుంటే నాయన మూడో మెట్టు దాకా చూసి, అప్పుడు పిలిచేవాడు. కొనేవాళ్లకూ ఆ సంగతి తెలుసు. మూడో మెట్టు మీద ఆగి, ఊరికే చెప్పు సర్దుకునేవాళ్లు. ఆ కొట్లో పెరిగిన నేను, వద్దన్నట్టు నటించకుండా ఇంతవరకు ఏదీ కొని ఎరగను.

ఇప్పుడు తిరుపతిలో కింది వాటాలో అద్దెకుంటున్నాం. ఇంటి యజమానురాలు పై వాటాలో ఉంటుంది. పెద్దమ్మా అని పిలుస్తాను. ఆమె నెత్తిన, అంటే మిద్దె మీద, నా తోట. పాత రంగు డబ్బాల్లో టమోటా, వంగ, గోంగూర. పందిరికి పాకిన సొర, కాకర. మా వంటింటి తొక్కలు చెత్తబండి ఎక్కడం ఎప్పుడో మానేశాయి. ఎరువై, కూరై, తిరిగి కంచంలోకే వస్తున్నాయి. పలమనేరు టమోటా లారీలో సగం నలిగి వస్తుంది. నాది మెట్లు దిగితే చాలు, పొయ్యి మీదే.

మొన్న ఎండాకాలం పెద్దమ్మ పైకి పిలిచింది.

“ఏం మే, నీ డబ్బాల తడికి నా మిద్దె కారేట్టుండాది. తీసెయ్.”

బతిమాలుకోవాల్సింది. కానీ పుట్టుబుద్ధి ఎక్కడికి పోతుంది?

“తీసేస్తాలే పెద్దమ్మా. నాకూ నీళ్లు మోసే చాకిరీ తప్పుతాది” అని తాపీగా వెనక్కి తిరిగాను. ఒక మెట్టు. రెండు. మూడో మెట్టు మీద చెప్పు సర్దుకున్నాను.

“మంచిది, రేపే తీసెయ్!” అని తలుపేసుకుంది.

ఆమె పుట్టింటివాళ్లదీ కొట్టేనని అప్పుడు గుర్తొచ్చింది.

మర్నాడు ఒక్కో డబ్బానే, ఆమె గుమ్మం ముందునుంచే, వీలైనంత ఆయాసపడుతూ దించాను. పిలుపు రాలేదు. సాయంత్రానికి డబ్బాలన్నీ మా వరండాలో, మిద్దె బోడిగా. పైన నిలబడి చూస్తే ఊరంతా అలాంటి బోడి మిద్దెలే. ఒక్కోదాని మీద ఇంత ఆకుకూర చల్లుకున్నా ఊరు ఎంత చల్లబడేదో! ఊరి సంగతి సరే, నాకున్న ఒక్క మిద్దెనూ తెలివితో పోగొట్టుకున్నాను.

నాలుగో రోజు పెద్దమ్మే దిగొచ్చింది, కళ్లు ఎర్రగా.

“పెనం మింద పండుకున్నట్టుండాది మే. నీ సెట్లున్నప్పుడు ఇంత సెగ ల్యా. మళ్లీ పైన పెట్టుకో. కింద ఇటుకలెయ్యి, తడి నిలబడకూడదు. ఇంగ వారానికి ఇన్ని కాకరకాయలు నాకు...”

నాయనైతే “సూస్తాంలే” అని ఆవలించేవాడు. నేను గోంగూర డబ్బా చంకనెత్తుకుని అప్పటికే మెట్లెక్కుతున్నాను.

“నిలబడు మే! బేరం ఇంకా కాలా!” అని పెద్దమ్మ వెనకనుంచి అరుస్తోంది.

మూడో మెట్టు మీద నేను ఆగలేదు.