మా మామ చేను ఒక్కటే నీలం

ముందే చెప్పేస్తున్నాను, నేను ఉన్నదానికి ఇంత కలిపి చెప్పే మనిషిని. నన్ను దోమ కుట్టిందంటే వినేవాళ్ళు ఏనుగు తొండం ఊహించుకోవాలి.

మా మేనమామది కోవిల్‌పట్టి పక్కన పల్లె. వాన తప్ప వేరే దిక్కులేని నల్లరేగడి చేను. పోయిన పురట్టాసి నెల మొదట్లో, వానలకు ముందు, వ్యవసాయ ఆఫీసరమ్మ ఒకావిడ వచ్చి, ఊళ్ళో అందరి ఫోన్లలో ఒక పటం ఎక్కించింది. ఉపగ్రహం రాడార్‌తో మబ్బుల్లోంచి కూడా నేలను చూస్తుందట. తడి చేను నీలం, ఎండిన చేను ఎరుపు. ఆ తరవాత కూడా ఆవిడ ఏదో చెప్పింది గానీ, అప్పటికే టీ, పల్లీల కడలమిఠాయి వచ్చేశాయి. ఎవరి చెవులూ ఖాళీగా లేవు.

పైనుంచి ఎవరో చూస్తున్నారన్న మాట మాత్రం మామకు బాగా పట్టింది. పెళ్ళిచూపులకు ఇల్లు సర్దినట్టు, దున్నిన చేనునే ట్రాక్టర్ పెట్టి మళ్ళీ దున్నించాడు. లేచిన బెడ్డలు ఎంతంటే, వాటి వెనక మందంతా దాక్కుంటే కాపరి మేకలు పోయాయని పోలీసుల దగ్గరికి బయలుదేరాడు.

తరవాత వచ్చిన పటంలో ఊరంతా ఎరుపు, మామ చేను ఒక్కటే నీలం. చుక్క వాన లేదు. మామ నాకు ఫోన్ చేసిన అరుపుకు విరుదునగర్‌లో మా మేడ మీది కాకులు లేచిపోయాయి. బస్సెక్కి వెళ్ళాను.

వాకిట్లో పక్కచేను ఆయన నిలబడి ఉన్నాడు. "ఏం బావా, దొంగతనంగా లారీ నీళ్ళు దింపినావా?"

"దేవుడు ఎవురికి ఇయ్యాల్నో వాళ్ళకే ఇస్తాడు బావా," అన్నాడు మామ.

అసలు చిక్కు విత్తనం దగ్గర వచ్చింది. మా వైపు వానకు ముందే పొడిదుక్కిలో మినుము లోతుగా వేస్తారు. అప్పుడు చిరుజల్లుకు గింజ మోసపోదు, పెద్దవాన లోపలికి దిగాకే లేస్తుంది. నేల తడిగా ఉంటేనే పైపైన వేయడం. ఇంట్లో ఉన్నది అత్త బూడిద కలిపి దాచిన ఒక్కసారి విత్తడానికి సరిపడే గింజ. అది పోతే ఆ ఏడు చేను బీడే.

"అల్లుడా, సేను తడిగా ఉండాది. పైపైనే ఏస్తాం," అన్నాడు మామ.

అత్త చేలోంచి తెచ్చిన బెడ్డను ఆయన ముందు చిదిపింది. దుమ్ము లేచింది. "ఇదా తడి?"

"ఆకాసంలో ఉండేదానికి తెలీదా? పొయ్యికాడ ఉండేదానికి తెలుసా?"

"ఆకాసంలో ఉండేదాన్నే వొచ్చి రేపు నీకు సోరు పెట్టమను."

ఆ మాటకు మామ కొంచెం దిగాడు. అన్నం ఆకాశం నుంచి రాదని ఆయనకూ తెలుసు. చివరికి సగం గింజ అత్త లాక్కుని కూలివాళ్ళతో లోతుగా వేయించింది. మిగతా సగం మామ పైపైన చల్లాడు.

తరవాత ఒక జల్లు పడింది. జల్లు అనడం కూడా ఎక్కువే, మేఘం తుమ్మిందంతే. మామ సగం చకచకా మొలిచింది. ఊరంతా తిప్పి చూపించాడు. ఆ వెనకే కాసిన ఎండకు మొలకలన్నీ వేయించిన జీలకర్ర అయిపోయాయి. అత్త గింజ లోపలే కదలకుండా పడుకుంది.

ఆఫీసరమ్మ మళ్ళీ వచ్చి బెడ్డలు చూసి తల పట్టుకుంది. నేల ఇంత గరుకుగా ఉంటే రాడార్‌కు తడిలాగే కనిపిస్తుందని ఆరోజే చెప్పానంది. అదన్నమాట, మేము కడలమిఠాయితో పాటు నమిలేసిన మాట.

ఆ పై నెల, ఐప్పసిలో, పెద్దవాన పడింది. అత్త సగం పచ్చగా లేచింది, మామ సగం నల్లగా మిగిలింది. గట్టు మీద నిలబడి మామ మెల్లగా, "నీ మాటే సరిపొయ్యిందే," అన్నాడు. అత్త కలుపు తీయడానికి దిగింది.

ఇందులో కల్పించింది ఒక్కటే. ఆ బెడ్డలూ మేకలూ కాదు, వాటి జోలికి రాకండి. నీ మాటే సరి అని మామ అనలేదు. గట్టు మీద ఆయన నిజంగా అన్నది, "నా సగం నీళ్ళు కూడా నీ సగమే తాగేసింది."