స్వెట్టర్ చేతుల కోసం ఒక శుక్రవారం: చేపల రేవు, దజీజ్, బ్నీద్ అల్ గార్

చేతులు లేని స్వెట్టర్ ఒకటి మా హవల్లీ ఫ్లాట్‌లో చలికాలమంతా పడి ఉంది. దాన్ని పూర్తి చేయడం నేర్పగల ఒకే ఒక్క మనిషి ఆదివారం విమానమెక్కి కువైట్ వదిలి వెళ్లిపోతోందని బుధవారం తెలిసింది. మధ్యలో నాకూ, నాతో కలిసి దాన్ని అల్లుతున్న నసీమాకూ ఇద్దరికీ కుదిరే సెలవు శుక్రవారం ఒక్కటే. మా ప్రయాణం అలా మొదలైంది.

ఆ మనిషి ఐలీన్. నేను లెక్కలు చెప్పే స్కూల్లో చాలా ఏళ్లు నర్సుగా పనిచేసి రిటైరైంది. స్కాట్లాండ్‌లో చేపలు పట్టే ఊరు ఆవిడది. వాళ్ల నాన్న పడవ మీద వేసుకున్న ముదురు నీలం స్వెట్టర్‌ను ఒకసారి నాకూ, నా జాకెట్లు కుట్టే నసీమాకూ చూపించింది. ఎక్కడా అతుకు లేదు. గుండ్రంగా, గాలి దూరనంత బిగువుగా అల్లారు. చంక కింద డైమండ్ ఆకారంలో ఒక ముక్క ఉంటుంది. వల లాగేటప్పుడు చెయ్యి ఎంత ఎత్తినా స్వెట్టర్ నడుం దగ్గర పైకి లేవకుండా పట్టి ఉంచేది అదే. "మా వీధిలో ఇప్పుడు ఇది అల్లేవాళ్లు లేరు" అంది ఐలీన్. జనవరిలో ఇక్కడి సముద్రం మీద చలి ఎలా ఉంటుందో, చేపలు కొనడానికి వెళ్లినప్పుడు పడవ వాళ్ల వణుకు చూస్తే తెలుస్తుంది. మనం అల్లుదాం అని నేనే అన్నాను. స్వెట్టర్ ఒంటి భాగమంతా నసీమా అల్లింది. చంక ముక్క సగం ఒంటితో పాటు పెరగాలి, మిగతా సగం చేతితో పాటు తగ్గాలి. ఆ రెండో సగం దగ్గర ఆగిపోయాం. వీడియోలు చూసి అల్లిన ప్రతిసారీ చంకలో ముడత పడేది, ఊడదీసేవాళ్లం. ఐలీన్ ఇక్కడే ఉందిగా, తర్వాత అడగొచ్చులే అనుకున్నాం.

ఉదయం ఏడింటికల్లా షర్క్ చేపల మార్కెట్ పక్కనున్న రేవుకు వెళ్లాం. హవల్లీ నుంచి టాక్సీలో పావుగంట, రెండు దీనార్లు. స్వెట్టర్ ఎవరి కోసమో ఆ అప్పన్న పడవ అప్పుడే ఒడ్డుకొచ్చింది. శ్రీకాకుళం వైపు మనిషి, ఇక్కడ పడవ మీద కూలికి చేస్తాడు. చేతుల కొలత తీసుకోవాలి. అప్పన్న చొక్కా మీద చొక్కా వేసుకుని, వాటిపైన స్వెట్టర్ తొడుక్కుని మూలిగాడు.

"ఇదేటమ్మా, ఇంత బిగువుగా ఉంది. జిప్పు ఎట్టలేదేటి?"

"జిప్పు పెడితే వలకు తగులుకుంటుంది."

"మరి జేబో? ఫోనెక్కడ ఎట్టుకోవాల?"

జేబు కూడా ఉండదని చెప్పాను. అతను నన్ను జాలిగా చూశాడు. "నాలుగు చొక్కాలేసుకుంటే సరిపోద్ది కదమ్మా. మీకెందుకు ఈ అవస్థ?" నాకు అక్కడే సగం ఓపిక పోయింది. నసీమాది రాయచోటి, మాటల్లో పడే రకం కాదు. "అన్నా, చెయ్యి సాపు. కదలాకు" అని టేపు పెట్టి కొలిచేసింది.

బ్నీద్ అల్ గార్‌లో ఐలీన్ ఉండే బిల్డింగు అక్కడికి ఎంతో దూరం లేదు. నేరుగా వెళ్లొచ్చు, కానీ చేతులకు ఊలు చాలదు. హవల్లీ దుకాణాల్లో ఎక్కడ అడిగినా ప్లాస్టిక్‌లా జారే నూలే తప్ప అసలు ఊలు లేదు. దజీజ్‌లో ఒక గోడౌన్‌వాళ్లు మాత్రం ముందురోజు ఫోన్లో "ఉంది, రండి" అన్నారు. దజీజ్ ఊరికి అటు చివర, ఫర్వానియా పక్కన. కడప డ్రైవర్ ఖాజా నాలుగు దీనార్లకు తీసుకెళ్తానన్నాడు. తీసుకెళ్లాడు కూడా, కాకపోతే తిరగాల్సిన దారి దాటిపోయి, ఎయిర్‌పోర్ట్ బోర్డులు చూపిస్తూ. నేను అడిగితే "ఆ దోవన పన్లు జరగతాండాయి మేడం" అన్నాడు. ఏ పనులూ నాకు కనబడలేదు.

గోడౌన్ షట్టరు దించి ఉంది. శుక్రవారం కాబట్టి అసర్ నమాజు అయ్యాక, మధ్యాహ్నం మూడు దాటాకే తీస్తారన్నాడు కాపలా మనిషి. శుక్రవారం అని నాకు తెలియదా? తెలుసు. ఫోన్లో మాట్లాడిన మనిషికీ తెలుసు. అయినా "రండి" అన్నాడు. ఖాజా జుమా నమాజుకు వెళ్లిపోయాడు. మేము ఒక చిన్న మెస్సులో కూర్చున్నాం. పప్పు అడిగితే వంటాయన సాంబారు పోశాడు. "పప్పు లేదా?" అంటే "ఇందులో ఉండేది పప్పే కదమ్మా" అన్నాడు. దీనారున్నరకు ఇద్దరం తిన్నాం. నసీమా మాత్రం టేబుల్ మీదే మిగిలిన ఊలు ఉండతో చంక ముక్క మళ్లీ మొదలుపెట్టి, మళ్లీ ఊడదీసింది.

మూడున్నర దాటాక షట్టరు లేచింది. గోడౌన్ మనిషి ముందు నల్ల ఊలు తెచ్చి నేవీ బ్లూ అన్నాడు. బయట ఎండలోకి తీసుకెళ్లి చూపిస్తే లోపలికి వెళ్లి ఇంకోటి తెచ్చాడు. నీలమే, కానీ మాదానికంటే ఒక ఛాయ తక్కువ. "ట్యూబులైటు వల్ల అలా కనిపిస్తుంది" అన్నాడు, ఎండలో నిలబడే. నేను గొడవ పెట్టుకోబోతుంటే నసీమా సంచి లాక్కుంది. "చేతులు వేరే రంగు ఉంటే ఏమైతాదిలే అక్కా. ఆమె పోతాండాది. యల్లా, నడువు."

సిటీలోకి తిరుగు దారిలో వారాంతపు ట్రాఫిక్. గంట పైగా పట్టింది. బ్నీద్ అల్ గార్ చేరేసరికి పొద్దు గూకి మగ్రిబ్ అజాన్ వినిపిస్తోంది. సామాను దింపేవాళ్లు లిఫ్ట్ ఆపేసి పెట్టారు. నాలుగంతస్తులు ఎక్కాం. ఐలీన్ ఇంట్లో సోఫా కూడా లేదు, అట్టపెట్టెలే. "పొద్దున వస్తామన్నారు" అంది. నేను రోజంతా జరిగింది చెప్పబోయాను. ఆవిడ వినకుండా నసీమా చేతిలోని స్వెట్టర్ అందుకుంది.

అసలు చిక్కు అక్కడ మొదలైంది. ఐలీన్‌కు ఇంగ్లీషు తప్ప రాదు, అదీ వాళ్ల ఊరి యాసలో. నసీమాకు ఇంగ్లీషు అంతంతమాత్రం. మధ్యలో నేను. చంక దగ్గర సగంలో ఆపిన కుట్లను ఒక దారం మీద ఎక్కించి ఉంచాం. ఐలీన్ వాటిని దారం మీంచి సూదికి మార్చమంది. నేను "ఆ దారం తీసెయ్యమంటోంది" అన్నాను. నసీమా దారం లాగేసింది. కుట్లు ఒకదాని వెంట ఒకటి జారి కిందికి పోయాయి.

నసీమా మొహం చూడలేకపోయాను. నెలల పని. ఐలీన్ స్వెట్టర్‌ను ఒళ్లోకి తీసుకుని, నావైపు చూడకుండా, "నువ్వు వెళ్లి టీ పెట్టు" అంది.

వంటింట్లో కెటిల్ పెట్టెలోకి వెళ్లిపోయింది. నీళ్లు కాచడానికి గిన్నె వెతికి, అది కడిగి, కప్పులు లేక గాజు సీసాల్లో టీ పోసి తెచ్చేసరికి ఇద్దరూ కిటికీ కింద నేలమీద మోకాళ్లు తగిలేలా కూర్చున్నారు. జారిన కుట్లను ఐలీన్ ఒక్కొక్కటే పైకి తెచ్చింది. తర్వాత నసీమా వేళ్ల మీద తన వేళ్లు పెట్టి ఒక వరుస అల్లించింది. నసీమా తప్పు చేస్తే చేతి మీద చిన్నగా కొట్టేది. నసీమా ఏదో తెలుగులో అడిగేది, ఆవిడ ఏదో ఇంగ్లీషులో చెప్పేది. రెండూ వేర్వేరు మాటలని నాకు తెలుసు. నోరు మూసుకున్నాను.

మొదటి చంక ఆవిడ చేయించింది. రెండోది నసీమాను ఒంటరిగా అల్లమని, తాను లేచి గోడకు ఆనుకుని నిలబడింది. నసీమా తగ్గిస్తూ తగ్గిస్తూ చివరి కుట్టు దాకా వచ్చి స్వెట్టర్ అందించింది. ఐలీన్ చంకలోకి పిడికిలి దూర్చి, లాగి, తిరగేసి, వెలుతురుకు ఎత్తి చూసింది. ముడత లేదు. ఏదైనా చెబుతుందని చూశాం. ఇన్నేళ్ల కువైట్‌లో ఆవిడకూ నసీమాకూ ఉమ్మడిగా దొరికింది, పని పూర్తయిందని చెప్పే అరబ్బీ మాట ఒక్కటే కాబోలు.

"ఖలాస్" అంది, స్వెట్టర్‌ను నసీమా ఒళ్లో పెట్టి. నసీమా తల వంచుకుని ఏడ్చింది.

రెండు చేతులూ పూర్తయ్యేసరికి మార్చి దాటింది. రేవుకు తీసుకెళ్తే చెమటలు తుడుచుకుంటున్న అప్పన్న "ఇప్పుడు చలెక్కడమ్మా" అని మడిచి, కవర్లో చుట్టి, పడవలో తన పక్క కింద పెట్టుకున్నాడు. నాకు చిరాకే వచ్చింది, దాచను. కానీ శుక్రవారం సాయంత్రాలు ఇప్పుడు మా ఇంట్లో నసీమా నలుగురు ఆడవాళ్లకు అల్లిక నేర్పుతోంది. చాలా కోపిష్టి టీచరు. తప్పు చేసినవాళ్ల చేతి మీద కొడుతుంది, నాతో సహా. పాతదాన్ని బతికించడం అంటే ఏదో గొప్పగా ఊహించుకుని బయల్దేరాను. చివరికి నా పని, ఇద్దరి మధ్య నుంచి తప్పుకుని టీ పెట్టడం. ఆ రోజు నావల్ల జరిగిన మంచి అదొక్కటే అనిపిస్తుంది.

మీరూ ఊలు కోసం దజీజ్ వెళ్లేట్టయితే, ఫోన్లో ఎవరు ఎంత తియ్యగా పిలిచినా శుక్రవారం మాత్రం వెళ్లకండి. శనివారం పొద్దున వెళ్లండి.