పక్కింటి అక్కను ఊరు దాటించిన రోజు

నా చిన్నప్పుడు మా బోధన్‌లో ఒక మనిషి సంగతి ఊరంతటికీ తెలియడానికి ఒక పూట చాలు. ఎవరింటికి చుట్టాలొచ్చారో, ఎవరి కోడలు అలిగి పుట్టింటికి పోయిందో బోరింగు దగ్గర బిందె నిండేలోపే తేలిపోయేది. ఇప్పుడు హైదరాబాద్‌లో ఆరో అంతస్తులో ఉంటున్నాను. ఎదురింటివాళ్ల పేరు తెలుసుకోవడానికి నాకు ఏడాది పట్టింది. చిన్న ఊరు మంచిదా, పట్నం మంచిదా అని మనుమలు అడిగినప్పుడల్లా నాకు పక్కింటి అక్క గుర్తొస్తుంది.

ఆమెది మా ఊరు కాదు. చెరకు నరికే ముఠాలో మొగుడి వెంట మహారాష్ట్ర వైపు నుంచి వచ్చింది. సీజను అయిపోయాక ముఠా వెళ్లిపోయింది. మొగుడూ వాళ్లతోనే వెళ్లి మళ్లీ రాలేదు. అప్పటికే ఆమె చంటిబిడ్డ జ్వరంతో పోయాడు. వాణ్ని ఇక్కడ పూడ్చిపెట్టి ఎక్కడికీ కదలలేకపోయిందని మా అవ్వ అనేది. మా గోడను ఆనుకున్న రేకుల గదిలో ఉంటూ, నాలుగిళ్లలో పిండి విసిరి, బియ్యం చెరిగి బతికేది. పని చేస్తూ తనలో తాను మరాఠీలో మాట్లాడుకునేది. పోయిన బిడ్డతోనే మాట్లాడేదని నాకు తెలుసు. నేను వెళ్లి పక్కన కూర్చుంటే నన్నూ ఆ మాటల్లో కలుపుకునేది. నా తల దువ్వి, బెల్లం ముక్క చేతిలో పెట్టేది.

ఆ ఏడు వానలు వెనుకబట్టాక మా వాడలో పిల్లలకు జ్వరాలు మొదలయ్యాయి. ఇద్దరు చనిపోయారు. ఎవరి నోట మొదలైందో గానీ బాణామతి అన్న మాట వాడంతా పాకింది. కిట్టనివాళ్లు మంత్రం వేసి మనుషుల ప్రాణం తీస్తారని అప్పట్లో గట్టిగా నమ్మేవాళ్లు. ఆ పేరు మీద పడిన ఆడదానికి ఊళ్లో గుక్కెడు నీళ్లు కూడా పుట్టేవి కావు. బిడ్డను పోగొట్టుకుని, మొగుడు వదిలేసి, తనలో తాను గొణుక్కునే పరాయి ఊరి మనిషి ఆమె. అందరి చూపూ ఆమె మీదికే పోయింది.

అంతలో నేనూ జ్వరంతో పడ్డాను. ఒళ్లు తెలియని జ్వరంలో "అక్కా, అక్కా" అని కలవరించానట. ప్రాణం బాగాలేనప్పుడు ఇష్టమైనవాళ్లను పిలుచుకోమా? నేను అలాగే పిలిచి ఉంటాను. చూడవచ్చినవాళ్లకు మాత్రం అది సాక్ష్యంలా వినిపించింది. మర్నాడు పట్టపగలే ఆమె రేకుల మీద రాళ్లు పడ్డాయి.

జ్వరం తగ్గి నేను లేచి తిరగసాగాను. ఒక పొద్దున అవ్వ నాకు జడ వేసి, ఉన్నవాటిలో మంచి గౌను తొడిగి, చేయి పట్టుకుని పక్కింటికి తీసుకుపోయింది. అక్క మూలన ముడుచుకుని ఉంది. కణత మీద రాయి తగిలిన గాయం ఇంకా మానలేదు.

"లే బిడ్డా. నిజామాబాద్ల మా తమ్ముడున్నడు, పట్నం రైలెక్కిస్తడు. పట్నంల మా సుట్టాలింట్ల నీకు వంటపని సూసిన" అంది అవ్వ.

"బయటికొస్తే సంపుతరవ్వా. చీకటి పడినంక పోత."

"చీకట్ల పోతే దొంగ లెక్క పోతవు. దొరికితే అడిగేటోడుండడు. గిప్పుడే పోవాలె, అందరు సూడంగ పోవాలె."

అని నా చేయి తీసి ఆమె చేతిలో పెట్టింది. ఆమె జడుసుకుని వెనక్కి లాక్కుంది. అవ్వ మళ్లీ పెట్టింది.

అప్పుడప్పుడే సీజను మొదలైంది. చక్కెర ఫ్యాక్టరీ వైపు చెరకు బండ్లు బారులు తీరి ఉన్నాయి. చెరకు మడ్డి వాసన ఊరంతా కమ్ముకుని ఉంది. ముందు అవ్వ, వెనక అక్కా నేనూ. మేం దాటుతున్న కొద్దీ మాటలు ఆగిపోయేవి. బేరాలు ఆగేవి. చాయ్ హోటల్ దగ్గర మగవాళ్లు లేచి నిలబడ్డారు. వాళ్లలో ఒక పెద్దాయన రోడ్డు మీదికొచ్చాడు.

"అవ్వా, మతి ఉన్నదా నీకు? మొన్ననే సావు తప్పిన పోరి. దాని చెయ్యి పట్టిస్తవా?"

అవ్వ నడక ఆపలేదు. "నా మనుమరాలు, నేనే పట్టిచ్చిన. ఏమైతదో నిలవడి సూడుండ్రి" అంది.

ఎవరూ రాయి ఎత్తలేదు. విసిరితే నాకు తగులుతుంది. అవ్వ ఎత్తు నాకు చాలా ఏళ్ల తర్వాత అర్థమైంది. ఆ పూట నాకు తెలిసింది ఒక్కటే, అక్క చేయి చెమటతో జారిపోతోంది, నేను వదలకూడదు.

నిజామాబాద్ బస్సు దగ్గర అక్క ఏడ్చింది. "పట్నంల నాకు ఎవ్వరు తెల్వరవ్వా."

"నువ్వే ఎవ్వరికి తెల్వవు బిడ్డా. గిప్పుడు నీకు గదే మంచిది."

బస్సెక్కినామె మళ్లీ దిగింది. వంగి, కాళ్ల దగ్గరి మట్టి పిడికెడు తీసి కొంగున ముడివేసుకుంది. ఆ తర్వాత మా వైపు చూడకుండానే ఎక్కేసింది.

చాలా రోజులు బోరింగు దగ్గర ఆడవాళ్లు అవ్వతో మాట్లాడలేదు. అవ్వ రోజూ సాయంత్రం నన్ను అరుగు మీద కూర్చోబెట్టేది, నేను బతికి బాగున్నానని అందరూ చూడాలని. మెల్లగా అందరూ ఏమీ జరగనట్టే పలకరించారు. కొన్నేళ్లకు మా బాపు పోతే ఆ వాడవాళ్లే వంతులు వేసుకుని మాకు అన్నం తెచ్చారు. రోడ్డు మీద అవ్వను అడ్డగించిన పెద్దాయనే పాడె మోశాడు. రాళ్లు వేసిందెవరో నాకు తెలుసు. వాళ్లింటి అన్నం తిన్నాను, అది ప్రేమతో తెచ్చిందేనని కూడా నాకు తెలుసు. ఈ రెండింటినీ నా లోపల ఈనాటికీ ఒకచోట పెట్టలేకపోతున్నాను.

అక్క కొన్నాళ్లు ఆ ఇంట్లో పని చేసి, ఇంకెక్కడికో వెళ్లిందని కబురొచ్చింది. ఆ తర్వాత ఏమీ తెలియలేదు. పట్నం ఆమెను దాచిందో, మింగిందో.

అవ్వ ధైర్యాన్ని మా ఇంట్లో కథలా చెప్పుకునేవాళ్లం. మంచం పట్టాక ఒకరోజు అవ్వే నా మాటను మధ్యలో ఆపింది. "కాపాడిన అంటరు గని బిడ్డా, ఊరు జెయ్యాలనుకున్న పనే నేను జేసిన. ఎల్లగొట్టిన. ఇంట్ల ఉంచుకుంట అనలేకపోయిన."

నేను పట్నం వచ్చి సగం జీవితం దాటింది. బస్సుల్లో, ఆసుపత్రి వరండాల్లో ముసలి ఆడవాళ్ల కణతల వైపు నా చూపు దానంతటదే పోతుంది. ఆమె ఈపాటికి ఉండి ఉండదని తెలిసినా ఆ చూపు మానలేదు.

మొన్నామధ్య మా అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తులో ఒంటరిగా ఉండే ఒక అమ్మాయి గురించి గుసగుసలు లేచాయి. ఖాళీ చేయించాలని మీటింగు పెట్టారు. నేను లేచి, ఆమె మా మనిషి, ఎక్కడికీ పోదు అన్నాను. అందరూ నన్ను వింతగా చూశారు. అయినా నేను కూర్చోలేదు. ఆమె ఇంకా అక్కడే ఉంది. రోజూ పొద్దున నడకకు కిందికి దిగేటప్పుడు మూడో అంతస్తులో ఒక్క నిమిషం ఆగుతాను. లోపల గిన్నెల చప్పుడు వినపడితేనే నా కాళ్లు ముందుకు కదులుతాయి.