బాల్‌పెన్ను రాత

సూగురేశ్ కుదురుగా కూర్చోలేడు. రాయచూరు బస్టాండు వెనక తన వీడియో దుకాణంలో కంప్యూటర్ ముందు నుంచి లేచి గుమ్మం దాకా వస్తాడు, మళ్లీ వెళ్లి కూర్చుంటాడు. ఎవరు పాత పెళ్లి సీడీ తెచ్చినా వేలికి తొడిగి వెలుతురుకు ఎత్తుతాడు. చొక్కా అంచుతో మధ్య నుంచి బయటికి తిన్నగా తుడుస్తాడు, గుండ్రంగా మాత్రం తుడవడు. ఆ రోజు యరగేర నుంచి సుమంగళ తన పెళ్లి సీడీ తెచ్చింది. పోయిన నెల చనిపోయిన తండ్రి గొంతు అందులో తప్ప ఇంకెక్కడా లేదు. కంప్యూటర్లో పెడితే తలంబ్రాలు చక్కగా నడిచాయి. అప్పగింతల్లో తండ్రి నోరు తెరవగానే బొమ్మ గళ్లుగళ్లుగా విడిపోయి ఆగిపోయింది. సూగురేశ్ నాలుగుసార్లు తుడిచాడు.

“గంతగనం తుడిస్తే అరిగిపోతదన్నా,” అంది సుమంగళ. “కింద ఒక్క గీత లేదు. బియ్యం డబ్బాల దాచిన.”

నిజమే, గీత కింద లేదు. సీడీలో బొమ్మ మధ్యలో మొదలై అంచుకు చేరుతుంది. దాన్ని మోసే పొర ఉండేది పేరు రాసే వైపునే, పల్చటి పూత కింద. పెళ్లి ముగిసే ఆ అంచు మీదే, సీడీలు తారుమారు కాకూడదని బాల్‌పెన్నుతో నొక్కి రాసిన జంట పేర్లున్నాయి. తన దుకాణంలో చేసిన వందల సీడీల మీద సూగురేశ్ అలాగే రాశాడు.

“ఈ పేర్లు నేనే రాసిన చెల్లె. మీ నాయన మాట నా పెన్నే చెరిపింది.”

సుమంగళ ఆ అక్షరాలను వేలితో తడిమింది. “ఇంకోసారి పెట్టన్నా. నోరు తెరిచేదాకనన్న చూస్త.”

పెట్టాడు. తలంబ్రాల దగ్గర లేచి గుమ్మం దాకా వెళ్లాడు. అప్పగింతలు వచ్చేసరికి తిరిగొచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు.