దండం పెట్టగలదు, పిడకలు కొట్టలేదు

ధనరాజ్‌కి ఈ లోకంలో ఓర్వరానిది ఒక్కటే: డైనోసార్ అరచేతులు నేలకేసి ఉండడం. మనుషులు అబద్ధాలాడినా, బియ్యంలో రాళ్ళు కలిపినా, పక్కింటివాడు రాత్రికి రాత్రి ప్రహరీ గోడ జరిపినా అతనికి పట్టదు. కానీ రెండు కాళ్ళ మీద నడిచే మాంసాహారి డైనోసార్‌కి ఎవడైనా చేతులు బోర్లా పెట్టి బొమ్మ వేశాడా, ఆ పూట అతనికి అన్నం సహించదు. పక్కనున్నవాళ్ళనీ తిననివ్వడు.

ఈ సంగతి బాగా తెలిసి కూడా నరసింగరావు ఆ రోజు అతనితో కలిసి శృంగవరపుకోట బస్సెక్కాడు. నరసింగరావు ధనరాజ్‌కి సొంత బావ, అక్క మొగుడు. ఉద్యోగం నుంచి దిగిపోయినప్పటి నుంచీ ఇంట్లో కాలు నిలవని మనిషి. సంచిలో ఒక పుస్తకం, ఒక తువ్వాలు వేసుకుని ఏ బస్సు కనపడితే ఆ బస్సెక్కేస్తాడు. కోట సంతలో పందెం కోడి కాళ్ళు చూడాలి, తోడు రమ్మని బావమరిది పిలిస్తే కోడి కాళ్ళు చూడ్డానికి తోడెందుకని అడగలేదు. తిరగడానికి వంక దొరికితే అడిగే అలవాటు ఆయనకి లేదు.

ఇద్దరూ నిలబడే ఉన్నారు. ఆడవాళ్ళకి టిక్కెట్టు తీసేశాక మగవాళ్ళకి సీట్లు తీసేసినట్టయింది. ఎదురుగా కడ్డీ పట్టుకుని ఒక యువకుడు నిలబడ్డాడు. అతని టీ షర్టు మీద డైనోసార్ నోరు తెరుచుకుని ఉంది. చేతులు రెండూ బోర్లా.

"ఒరే, ఒద్దురా," అన్నాడు నరసింగరావు లోగొంతుకతో.

"తమ్ముడూ, నీ సొక్కా తప్పు," అన్నాడు ధనరాజ్ పైగొంతుకతో.

యువకుడు కంగారుగా ప్యాంటు జిప్పు చూసుకున్నాడు. "ఏటండీ?"

"దీని సేతులు. మణికట్టు ఇలగ తిరగదు దీనికి. అరసేతులు రెండూ ఒకదాన్నొకటి సూసుకోవాల. దండం ఎట్టగలదు. పిడకలు కొట్టనేదు."

బస్సులో సగం మంది పిడకలు కొట్టి పెరిగినవాళ్ళే కాబట్టి శాస్త్రం వాళ్ళకి వెంటనే అర్థమైపోయింది.

"మరైతే దానికి పెళ్ళెలగవుతాది బాబూ?" అంది వెనక సీట్లోంచి ఓ ముసలమ్మ.

బస్సంతా గొల్లుమంది. ధనరాజ్ నవ్వలేదు. ఆ ప్రశ్నని సంచీలో వేసుకున్నట్టు తలూపి ఆలోచనలో పడ్డాడు. గంట్యాడ దాటాక వెనక్కి తిరిగి, "ఈకలు సూపించి," అని జవాబు చెప్పాడు. ముసలమ్మ అప్పటికే దిగిపోయింది. ఆ జవాబు కండక్టరుకి తగిలింది.

విజయనగరం చుట్టుపక్కల నీళ్ళలోనే ఏదో ఉందని నరసింగరావు సిద్ధాంతం. ఇక్కడ ఒకడికి ఫిడేలు పిచ్చి, ఒకడికి కసరత్తు పిచ్చి, ఒకడికి పాత నాణేల పిచ్చి. ఎవడి పిచ్చికి వాడే జమీందారు, ఇంకొకడి పిచ్చికి సలాం కొట్టడు. అయితే ఆ పిచ్చులన్నిటికీ ఏదో ఒక గౌరవం ఉంది. ఫిడేలువాడికి శాలువా కప్పుతారు. డైనోసార్లవాడికి ఎవడు కప్పుతాడు? గరివిడిలో ఫ్యాక్టరీ సైరన్ వినపడే వీధిలో, వెనక గదిలో కూచుని, లోకంలో లేని జంతువుకి ముందు ఎముకలు, ఎముకల మీద కండ, కండ మీద చర్మం, చర్మం మీద పొలుసులు ఒక్కొక్కటే సూదితో చెక్కే మనిషిని చూసి, "బొమ్మలు సేసుకుని బతుకుతాడు పాపం," అనేవాళ్ళే అందరూ. ఆ బొమ్మల కోసం సముద్రాల అవతల జనం ఏడాదేసి కాచుకుంటారంటే వీధిలో ఒక్కడూ నమ్మడు.

లండన్‌లో ఒక తెలుగు పళ్ళ డాక్టరు ఉన్నాడు. ధనరాజ్ చేసిన ఒక డైనోసార్ అందగానే వృత్తిధర్మం కొద్దీ దాని పళ్ళు లెక్కపెట్టి, ఒకటి తగ్గిందని వీడియోలో ఫిర్యాదు చేశాడు. "ఊడిపోయింది. కిందన కొత్తది మొలుస్తన్నాది, టార్చి ఏసి సూడండి," అన్నాడు ధనరాజ్. డాక్టరు టార్చి వేశాడు. ఉంది. అవాళ్టి నుంచి ఆయన ధనరాజ్‌కి భక్తుడు. ఇప్పుడు రెండో బొమ్మ కోసం వారానికొకసారి ఫోన్ చేసి బతిమాలుకుంటున్నాడు.

చిన్నప్పుడు ధనరాజ్‌ని బొబ్బిలిలో వీణలు చేసే ఒక పెద్దాయన దగ్గర పనికి పెట్టారు. పనస చెక్క చెక్కడంలో చెయ్యి బాగానే కుదిరింది. వీణ చివర యాళి తల దగ్గర పేచీ వచ్చింది.

"ఈ దవడతో ఇది నమలనేదు గురువుగారూ."

"ఒరే, అది యాళిరా. లోకంలో లేని జంతువు. నమిలే పనేటుంది దానికి?"

"లోకంలో నేకపోతే మరీ జాగర్తగా సెయ్యాల కదండీ. సరి సూసుకోడానికి ఇంకోటి దొరకదు."

పెద్దాయన ఆ మాటకి కాసేపు ముగ్ధుడై, మర్నాడు పనిలోంచి తీసేశాడు.

ఇక విందుభోజనాల సంగతి చెప్పకూడదు. పెళ్ళిలో మాంసం పెడితే అందరూ తింటారు, ధనరాజ్ వెతుకుతాడు. ఒకసారి తన ఆకులోని ఎముకలు చాలక పక్క ఆకుల్లోవి కూడా అడిగి తీసుకున్నాడు. "ఏవండీ, ఆ రెక్క మీకు అయిపోయిందా?" అని వియ్యంకుణ్ణి అడిగిన మనిషి ఆ వంశంలో అతనొక్కడే. మజ్జిగ వచ్చేసరికి అతని ఆకులో సగం కోడి లేచి నిలబడింది, పెళ్ళివారు కూడా లేచి నిలబడ్డారు.

ఇవన్నీ ఒక ఎత్తు. ఎక్కడా 'వెళ్ళొస్తాను' అనడు, అదొక ఎత్తు. తనకి తెలియాల్సింది తెలిసిపోయాక అక్కడ మనిషనేవాడున్నాడన్న సంగతి మరిచిపోయి నడిచి వెళ్ళిపోతాడు. అత్తారింటికి పండక్కి వెళ్ళి అలాగే వచ్చేస్తే, వాళ్ళు నూతిలో పడ్డాడేమోనని పాతాళగరిగె వేయించారు.

ఇంతకీ బస్సు. కోటకి ఇంకా కొంత దూరం ఉందనగా టైరు పేలింది. అందరూ దిగారు. రోడ్డు పక్కన తాటాకు పందిరి, పందిట్లో ఒక పెద్ద పెనం, పెనం వెనక నడివయసు మనిషి సుభద్రమ్మ. ఆ దారిన తిరిగే నరసింగరావుకి ఆమె అట్లు ఎరుకే. అంచు కరకర, నడుమ దూది.

"రెండట్లు పొయ్యమ్మా."

"నేవు బాబూ. టీ ఉన్నాది, తాగండి."

"పెనం ఉందిగా?"

"పెనం ఉన్నాది, సెయ్యి నేదు."

స్కూటరు మీంచి పడితే కుడిచెయ్యి విరిగిందట. నాటుకట్టు కట్టించుకుంది. ఎముక అతికింది గానీ అడ్డదిడ్డంగా అతికింది. బొటనవేలు పైకి, అరచెయ్యి లోపలికి చూస్తూ అలాగే బిగుసుకుపోయింది. బోర్లా పడదు, వెల్లకిలా పడదు. ఆపరేషన్ చేస్తే తిరగొచ్చు, తిరగకపోవచ్చు అన్నాడట డాక్టరు.

"పొయ్యడం ఎలగో పోస్తాను. తిరగెయ్యనేకపోతన్నాను. ఒకరోజు ఎడంసేత్తో తిప్పినాను. తింటన్నోళ్ళు ఆకులొదిలేసి లేచిపోనారు. ఎడంసేతి అట్టు ఎవుడు తింటాడు బాబూ? సోమారం నుంచి మా తోటికోడలు కుమారి ఇక్కడ నూడిల్సు ఎడతాదట. పెనం కూడా అడిగేసింది."

చివరి మాట దగ్గర ఆమె పెనం మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి పెనం మీద కూడా కత్తి నిలబెట్టినట్టు అంచు మీదే నిలబడింది.

నరసింగరావు ఓదార్పు మాట కోసం గొంతు సవరించుకున్నాడు. ఈలోపు ధనరాజ్ పెనం దాటి వెళ్ళి ఆమె చెయ్యి పట్టేసుకున్నాడు. అటు తిప్పాడు, తిరగలేదు. ఇటు తిప్పాడు, తిరగలేదు. అతని మొహం పెళ్ళికొడుకు మొహంలా వెలిగిపోయింది.

"బావా! సూసినావా! అచ్చం డైనోసార్ సెయ్యి!"

పందిరి కింద టీ తాగుతున్నవాళ్ళు టీ ఆపారు.

"అమ్మా, ఓపాలి దండం ఎట్టండి."

ఆమె తెల్లబోయి పెట్టింది.

"ఇప్పుడు పిడకలు కొట్టండి."

"ఓరి నీ మొగం మండ!" సుభద్రమ్మ గరిటె అందుకుంది. "సెయ్యిరిగి నానేడుస్తంటే ఆటలా నీకు? ఎవుడ్రా నువ్వు?"

ధనరాజ్ గరిటె వంక చూడలేదు, గరిటె పట్టిన వేళ్ళ వంక చూశాడు. సంచిలోంచి బొమ్మలు చేసే ముద్ద తీసి ఆమె చేతిలో పెట్టాడు. "గరిటొగ్గేసి ఇది పట్టుకోండి. గట్టిగా. ఇంకా గట్టిగా. నా పీక అనుకోండి."

ఆమె అలాగే అనుకుంది. వేళ్ళ మధ్యలోంచి ముద్ద పొంగుకొచ్చింది. "బాగున్నాది," అని అతను ఆ ముద్దని పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని, దారంతో ఆమె మోచేతి నుంచి మణికట్టు దాకా కొలిచి, ఒక్క మాటైనా లేకుండా విజయనగరం వైపు ఎదురుగా వస్తున్న ఆటో ఎక్కి వెళ్ళిపోయాడు. పందిట్లోవాళ్ళు తిట్టిన తిట్లన్నీ నరసింగరావు నిలబడి పట్టుకోవాల్సి వచ్చింది. ఆయన చదివిన పుస్తకాల్లో ఏ ఒక్కటీ అక్కరకి రాలేదు. ఆ సంతలో కోడి కాళ్ళు ఎవరూ చూడలేదు.

నాలుగు రోజులు పోయాక ధనరాజ్ భార్య యమున ఫోన్ చేసింది.

"అన్నయ్యా, మీ బావమర్దికి ముదిరిపోనాది."

"ఇప్పుడేటమ్మా?"

"లండన్ డాక్టరు బొమ్మ అటకెక్కించీసినాడు. కుడిసేతికి, మోసేతి కిందనుంచి మణికట్టు దాకా స్కేలుబద్దలు కట్టుకుని, సెయ్యి తిరక్కుండా సేసుకుని అట్లు తిప్పుతన్నాడు. ఉన్న అట్లకాడలన్నీ ఇరిచీసినాడు. పొద్దున్న అట్లు, మద్దినేళ అట్లు, రేత్రి అట్లు. సగం పెనం మీద, సగం గోడ మీద. నాకు అన్నం మొగం సూడాలనుంది అన్నయ్యా!"

ఆదివారం పొద్దున్న బావాబావమరుదులు మళ్ళీ అదే బస్సెక్కారు. ధనరాజ్ చంకలో గుడ్డ చుట్టిన వస్తువొకటి, చేతిలో యమున రుబ్బి పంపిన పిండి క్యాను.

నరసింగరావు బావమరిది భుజం మీద చెయ్యి వేశాడు. "ఒరే, పైకి మొద్దులా కనపడతావు గానీ, నీది ఎంత దయగల గుండెరా," అన్నాడు.

ధనరాజ్‌కి కోపం వచ్చింది. "దయేటి బావా? పదారు కోట్ల ఏళ్ళు అవి మణికట్టు తిరక్కుండానే ఈ భూమినేలినాయి. ఈవిడ అదే సెయ్యెట్టుకుని అట్లకొట్టు మూసేస్తానంతాది. తప్పా, కాదా?"

ఇక నరసింగరావు పుస్తకం తెరిచి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. చదివిందేమీ లేదు.

సుభద్రమ్మ అప్పటికే పందిట్లో సామాను సర్దేస్తోంది. కుమారి ఒక పక్క నిలబడి నూడిల్స్ బండి ఎక్కడ పెట్టాలో అడుగులేసి చూసుకుంటోంది. ధనరాజ్‌ని చూడగానే సుభద్రమ్మ గరిటె కోసం వెతికింది. గరిటె మూటలో ఉండిపోవడం అతని అదృష్టం.

"మళ్ళీ వచ్చినావా? ఇప్పుడేటి, మొలకి తోక కట్టుకోమంతావా?"

"తోక నేలకి ఆనకూడదు," అన్నాడు ధనరాజ్ అలవాటు కొద్దీ. గుడ్డ విప్పాడు.

అట్లకాడే. కానీ పిడి వెనక్కి సాగి లేదు. వడ్రంగి రంపం పిడిలా నిలువుగా లేచి ఉంది. పనస చెక్క. దాని మీద నాలుగు వేళ్ళకి నాలుగు పల్లాలు.

"ఇదేటి, అట్లకాడా, రంపమా?"

"మీ సేతిలో తప్పు నేదమ్మా. అట్లకాడ తప్పు. అది సెయ్యి తిరిగేవోళ్ళకి సేసింది. దీనికి మణికట్టు అక్కర్నేదు. అట్టు కిందకి తొయ్యండి, మోసెయ్యి మడవండి. అదే తిరగబడతాది."

ఆమె పట్టుకుంది. నాలుగు వేళ్ళూ నాలుగు పల్లాల్లో వెళ్ళి కూచున్నాయి.

"అచ్చం నీ పీక పట్టుకున్నట్టున్నాది," అంది ఆశ్చర్యంగా.

"అదే మరి."

పొయ్యి వెలిగింది. మొదటి అట్టు చిరిగి ముద్దయింది. "నూడిల్సయితే తిప్పక్కర్నేదు," అంది కుమారి ఎవరితోనో అన్నట్టు. సుభద్రమ్మ పళ్ళు బిగించి రెండోది పోసింది. తోసింది. మోచెయ్యి మడిచింది. అట్టు గాలిలోకి లేచి, ఒక క్షణం ఎటు పడదామా అని ఆలోచించి, పెనం మీద వెల్లకిలా పడింది. ఎర్రగా, అంచు కరకరలాడుతూ. కుడిచేతి అట్టు.

సుభద్రమ్మ మూడోది పోసింది. నాలుగోది పోసింది. ఎవరూ పిలవకుండానే రోడ్డు మీద రెండు స్కూటర్లు ఆగాయి. కుమారి పెనం వంక ఒకసారి, తోటికోడలి మోచేతి వంక ఒకసారి చూసి, ఆకులు కడగడానికి చెంబు తీసుకుంది.

మొదటి మంచి అట్టు ఆకులో వేసుకుని, పక్కన ఇంత పచ్చడి పెట్టి, సుభద్రమ్మ తలెత్తింది. "ఇందా బాబూ, నీ పేరేటో సెప్పనేదు..."

అక్కడ ధనరాజ్ లేడు. అల్లంత దూరంలో, రోడ్డు దాటుతున్న ఒక పుంజు వెనకాల, అది కాలెత్తితే తనూ కాలెత్తుతూ, నడుం వంచి, రెండు చేతులూ ముందుకి చాచి వెళ్ళిపోతున్నాడు. అరచేతులు రెండూ ఒకదాన్నొకటి చూసుకుంటున్నాయి.

"ఓ డైనోసారూ! అట్టు సల్లారిపోతన్నాది!"

అతను వెనక్కి తిరగలేదు. పుంజు తిరిగి చూసింది.

సుభద్రమ్మ ఆకు నరసింగరావు చేతిలో పెట్టేసి, ఆ వెళ్ళిపోతున్న వీపుకేసి దండం పెట్టింది. ఈసారి పిడకల ఊసు ఎవరూ ఎత్తలేదు.