నాన్న వీపు కనిపించే సినిమా

మొన్న మా మనవరాలు ఫోనులో ఏదో పాత కౌబాయ్ సినిమా పెట్టుకుని నవ్వుతూంటే, పక్కనే కందిపప్పు ఏరుకుంటున్న నేను ఒక్క చూపు చూసి, కాస్త ఆపమ్మా అన్నాను. ఎర్రమట్టి గుట్టల ముందు, టోపీ పెట్టుకుని అటు తిరిగి నిలబడిన ఆ మనిషి మా నాన్న.

అప్పట్లో మేము అడవుల మధ్య గనుల ఊరు బచేలిలో ఉండేవాళ్ళం. నాన్న ఇనుప గనిలో కాపలా పని చేసేవాడు. అంతకుముందు కోస్తాలో పోలీసు ఉద్యోగం చేసి, ఎందుకో మాకెవరికీ చెప్పకుండానే మానేసి ఇంత దూరం వచ్చాడు. నేను టౌన్‌షిప్ బడిలో టీచరుగా చేరిన ఏడాది, ఒక చిన్న సినిమా కంపెనీవాళ్ళు జగదల్‌పూర్ నుంచి రెండు జట్కా గుర్రాలను తెచ్చి మా గుట్టల దగ్గర షూటింగు మొదలుపెట్టారు. జమీందారు కోసం తుపాకీ పట్టినవాడు, ఆయన చెప్పిన వాళ్ళనల్లా కాల్చి, చివరికి ఆయనకే ఎదురు తిరిగి బందిపోటు అవుతాడు, అదీ కథ. నాలుగో రోజుకే హీరో మలేరియాతో విశాఖ రైలెక్కాడు. ఎత్తు సరిపోయిందనీ, వీపు మాత్రమే చూపిస్తామనీ బతిమాలి నాన్నను ఒప్పించారు.

ఆదివారం పొద్దున అమ్మా నేనూ చూడడానికి వెళ్ళాం. ఆ రోజు కాల్చవలసింది ఒక ముసలి రైతుని. ఆ వేషానికి పక్క గోండు పల్లె నుంచి ఒక తాతను తెచ్చి నిలబెట్టారు. నాన్న తుపాకీ ఎత్తగానే ఆ తాత, ఎవరూ చెప్పకుండానే, రెండు చేతులూ జోడించి వణికిపోయాడు. నాన్న తుపాకీ దించేశాడు. కెమెరా తిరుగుతూనే ఉంది. అవి చప్పుడు తప్ప దెబ్బ తగలని ఉత్త తూటాలే, కాల్చండి అని డైరెక్టరు కేకేశాడు.

"ఆయనకా సంగతి తెలియదు గదండీ" అన్నాడు నాన్న.

టోపీ తీసి, వెళ్ళి తాత పక్కన మట్టిలో కూర్చుని, వచ్చీరాని అక్కడి హల్బీ భాషలో నచ్చజెబుతూ ఒక ఉత్త తూటాను ఆయన అరచేతిలో పెట్టాడు. మళ్ళీ తీయడానికి ఫిల్ము చాలక, మాట వినని తుపాకీవాణ్ణి జమీందారు తరిమేస్తే బందిపోటయ్యాడని వాళ్ళు కథే మార్చుకున్నారు. ఆ సాయంత్రం నాన్న, ఏళ్ళ కిందట తన తూటాకి చేతిలో ఏమీ లేని మనిషి ఒకడు పడిపోయిన సంగతి మొదటిసారి అమ్మతో చెప్పాడు. నేను గుమ్మం దగ్గరే ఉన్నాను.

సినిమాను టౌన్‌షిప్ క్లబ్బులో వేసినప్పుడు ఆయన రాలేదు. కానీ ఆ తరువాత చాలా ఆదివారాలు, బెల్లం పొట్లం పట్టుకుని ఆ తాత పల్లెకి ఒక్కడే నడిచి వెళ్ళేవాడు. ఇద్దరూ ఎప్పుడో పోయారు. ఇప్పుడా దారిలో రెండు తనిఖీ గేట్ల దగ్గర తుపాకులవాళ్ళు ఆపి, ఎవరు, ఎక్కడికి, ఎందుకు అని అడుగుతారట. ఊరికే ఒక మనిషిని చూసి రావడానికని నాన్న చెబితే, ఈ రోజుల్లో ఎవరైనా నమ్మేవారో లేదో.