విత్తనపప్పుకు మందు కలిపిన చేతులు

శనక్కాయ విత్తనాలకు వట్టి చేతులతో మందుపొడి కలిపే అలవాటును మా పక్క మాన్పించింది నేనే. గార్లదిన్నె నుంచి గుత్తి దాకా ఎవరినైనా అడగండి.

సరే, అంత దూరం పోవద్దు. మా వీధిలో అడిగితే చాలు. అదీ నా భార్య ఇంట్లో లేనప్పుడు అడగండి.

తొంభైల చివరి మాట ఇది. మా ఎర్రనేలల్లో వాన పడిందంటే తడి ఆరేలోగా విత్తనం పడాలి. విత్తే ముందు పప్పుకు బూజు పట్టకుండా మందుపొడి కలుపుతాం. వీధి మొత్తానికీ ఆ పని నా భార్యే చేసేది. ఆమె చేయి మంచిదని పేరు. ఆమె కలిపిన పప్పు మొలవకుండా పోదని నమ్మకం. వాన వెలిస్తే చాలు, ఆడవాళ్లు గంపలు ఎత్తుకుని మా వాకిట్లో దిగేవారు. ఆమె మోచేతుల దాకా గులాబి రంగు పొడి పూసుకుని, కబుర్లు చెబుతూ కలిపేది. ఎంత కడిగినా ఆ రంగు గోళ్లను వదిలేది కాదు. కొత్త పెళ్లికూతురిలా ఉన్నావని నేను ఎగతాళి చేసేవాణ్ని.

ఒక ఏడు ఆమెకు పొద్దున్నే పిడికిలి మూసుకోవడం మానేసింది. వేళ్ల కణుపులు ఉబ్బాయి. చేతిలోంచి చెంబు జారేది. సంగటి ముద్ద చేయలేకపోయింది. నేను చేసి పెడితే తిప్పి తిప్పి చూసి, "ఇది ముద్దనా, గోడకు కొట్టే పిడకనా?" అంది.

అనంతపురంలో డాక్టరమ్మ రక్తపరీక్ష చూసి చెప్పింది: "ఒంటిని కాపాడాల్సిన బలమే పొరపాటున కీళ్ల మీద ఎగబడుతోందమ్మా. ఎందుకు మొదలైందో గట్టిగా చెప్పలేను. కొన్ని మందుల పొడులు దాన్ని రెచ్చగొడతాయని అనుమానం మాత్రం ఉంది. వేళ్లు వంకర పోకూడదంటే మాత్రలు ఆపొద్దు, ఆ పొడి ముట్టొద్దు." ఇంకో మాట కూడా చెప్పింది గానీ, ఈ కథకు అది అంత అవసరం లేదు.

మళ్లీ వాన పడింది. గంపలు దిగాయి.

"వదినా, నీ చేయి పడకుంటే మా పప్పు మొల్చదు. ఈ ఒక్కసారి కలుపు," అంది ఎదురింటామె.

నా భార్యకు కాదనడం రాదు. ఉబ్బిన చేయి అప్పుడే పొడి వైపు పోతోంది. నేను గడప మీద సింహంలా నిలబడి గర్జించాను. అంటే, గొంతు సవరించుకున్నాను. "ఈసారి నేను కలుపుతా," అన్నాను.

గంపలన్నీ ఒక్కసారిగా వెనక్కి జరిగాయి.

"నువ్వా? నువ్వు నాటిన మునక్కొమ్మ గూడా ఎండిపాయ గదన్నా!" అంది ఒకామె. వాకిలంతా నవ్వు.

ఆ నవ్వుల మధ్యే నాకు ఉపాయం తట్టింది. మందు కలపక ముందే నా భార్య ఒట్టి పప్పులో చేయి పెట్టి కలియబెట్టాలి. తర్వాత ఎవరింటికి వాళ్లు తీసుకుపోయి, పప్పూ పొడీ గోనెసంచిలో పోసి మూతి కట్టి, ముక్కుకు గుడ్డ చుట్టుకుని ఇద్దరు చెరో కొసా పట్టుకుని దొర్లించాలి. మంచి చేయీ పడుతుంది, పొడీ అంటదు.

ఆ ఏడు మొలకలు ఎప్పటిలాగే వచ్చాయి. తర్వాత వాన ముఖం చాటేసింది, అది మాకు మామూలే. మాత్రలతో ఆమె వాపులు నెమ్మదిగా దిగాయి. ఒక్క చిటికెన వేలు మాత్రం ఇప్పటికీ మాట వినదు.

ఇదంతా రాసి నిన్న ఆమెకు చదివి వినిపించాను. సంగటి ముద్ద చేస్తూనే విన్నది.

"అయిందా? గోనెసంచి ఉపాయం ఎదురింటి వదినది, నీది కాదు. ఇంగ డాక్టరమ్మ చెప్పిన రెండో మాట యాడ పోయింది? ఇంట్లో బీడీ పొగ ఉండగూడదు, అది గూడా కీళ్లకు చెడ్డదే అని నిన్ను జూసే గదప్పా చెప్పింది! నీ అంతట నువ్వు మానినావా? కట్టలన్నీ నేను పొయ్యిలో పెడితే మానినావు. ముందు అది రాయి."